పక్క మంచం మీది అసూయ నుండి ప్రభువు నన్ను విడిపించిన విధం

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఒంట్లో విషం పుడితే మనిషిని ఆసుపత్రికి తీసుకుపోతారు, మరి మనసులో విషం పుడితే ఎక్కడికి తీసుకుపోతారు? నా దేవుడు ఆ రెండు జబ్బులకీ నన్ను ఒకే వార్డులో, ఒకే మంచం మీద పడుకోబెట్టాడు! పోయిన వానాకాలంలో నాంపల్లిలోని ఒక ఆసుపత్రిలో నేను చలిజ్వరంతో వణుకుతూ, ఎడమ కాలు మోకాలి దాకా ఎర్రగా వాచిపోయి పడి ఉన్నాను. అప్పుడు నా నోట్లో స్తోత్రం లేదు, మనసులో ప్రార్థన లేదు, ఉన్నదల్లా నా పక్క మంచం మీద పడుకున్న మనిషి మీద అసూయ. జ్వరం కంటే అదే నన్ను ఎక్కువ కాల్చింది.

నన్ను ఎరగనివారి కోసం ఒక మాట. నేను నాంపల్లి స్టేషన్ పార్సిల్ ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా నాన్నగారు గుంటూరు వైపు నుండి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మన సంఘంలో పెద్దగా చాలా ఏళ్ళు సేవ చేసే భాగ్యం ప్రభువు నాకిచ్చాడు. చిన్నతనం నుంచీ డైరీ రాసుకునే అలవాటు ఉంది కనుక జరిగింది జరిగిన వరుసలోనే చెబుతాను, వరుస తప్పితే నాకు అన్నం సహించదు.

నాకు షుగరు ఉంది. షుగరు ముదిరితే పాదాలకు స్పర్శ పోతుందని డాక్టర్లు చెప్పేవారు, నేను తల ఊపేవాణ్ణి. ఒకనాడు బూటులో చిన్న గులకరాయి దూరింది, దాంతోనే ఇంటి నుండి అబిడ్స్ దాకా నడిచి వెళ్ళి, పెద్ద పోస్టాఫీసులో పని చూసుకుని, అలాగే నడిచి వచ్చాను, నాకు చీమ కుట్టినంత కూడా తెలియలేదు! ఇంటికొచ్చి బూటు విప్పితే నా భార్య సుగుణ కేక వేసింది. "ఏమండీ, మేజోడు నిండా రక్తం!" పసుపు పెట్టుకుని ఊరుకున్నాను. అదే నన్ను మంచం ఎక్కించింది. ఆ వారంలోనే కాలు వాచి, చలి పుట్టి, మాట తడబడి, సుగుణ నన్ను ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది.

వార్డులో నన్ను చేర్చుకున్న నర్సు పేరు రజిత. వరంగల్ వైపు అమ్మాయి, చేతులు ఎంత వేగమో మాట అంత నెమ్మది. జ్వరం చూసింది, బి.పి. చూసింది, వేలు గుచ్చి షుగరు చూసింది, రెండు పాదాలూ వేలి సందులతో సహా చూసింది, వాపు ఎంతవరకు పాకిందో తెలియడానికి కాలి మీద పెన్నుతో గీత గీసింది. ఆ తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది. ఆఖరుసారి ఏం తిన్నరు, ఏ మందు పడదు, ఇంట్ల ఎవరుంటరు, ఎప్పుడన్న కళ్ళు తిరిగి పడ్డరా, ఇట్లా. చివర ఒకటి అడిగింది.

"అంకుల్, ఉపవాసాలు గిట్ల ఏమన్న ఉంటరా?"

నాకు చిరాకు వచ్చింది. నాంపల్లి కదా, రోజాలు ఉండేవాళ్ళు, శనివారాలు ఉండేవాళ్ళు అందరూ వస్తారు, వాళ్ళను అడిగినట్టే నన్నూ అడుగుతోంది అనుకున్నాను. నిజానికి పార్సిల్ ఆఫీసులో ఉన్నంతకాలం నేను ప్రతి శుక్రవారం ఉపవాసం ఉన్నవాణ్ణి, షుగరు వచ్చాక డాక్టరు మాన్పించాడు. అయినా ఉపవాసం దేవునికీ నాకూ మధ్య సంగతి, ఈ అమ్మాయికెందుకు? "లేదమ్మా" అన్నాను. ఆ ప్రశ్న నా ప్రాణం కాపాడటానికే అడిగిందని నాకప్పుడు ఎలా తెలుస్తుంది!

ఇక పక్క మంచం సంగతి. కిటికీ దగ్గరి మంచం. దాని మీద ముక్కూ నోరూ మూసిన ఆక్సిజన్ మాస్కుతో, ఆయాసంతో రొమ్ము ఎగిరెగిరి పడుతున్న ఒక మనిషి. నిమోనియా అన్నారు. అతని పక్కన కూర్చున్న ఆవిడను చూసి పోల్చుకున్నాను, మన సంఘానికి వచ్చే మాణెమ్మ. అంటే ఈయన యాదయ్య. మీలో చాలామంది ఈయనను చూసే ఉంటారు, కానీ గుడిలో కాదు! ఆదివారం అబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి కదా, ఆ మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుని అమ్ముతాడు. బాప్తిస్మం తీసుకున్నాడు గానీ ఆదివారం అతనికి బేరం రోజు. మనం ఆరాధన ముగించుకుని తెల్లబట్టలతో అటువైపు నుంచి వస్తుంటే అతను "ఏదైన ఇరవై, ఏదైన ఇరవై" అని అరుస్తూ ఉండేవాడు. నేను ముఖం తిప్పుకుని పోయేవాణ్ణి. ఒక్కసారి కూడా పలకరించి ఎరగను.

అలాంటివాడికి కిటికీ పక్క మంచం! నేను చూస్తూ ఉన్నాను సహోదరులారా, మంచం మీద పడుకున్నవాడికి చూడటం తప్ప పనేముంది. రజిత వార్డులోకి అడుగుపెడితే మొదట అతని దగ్గరికే. నా దగ్గరికొస్తే కాలు విప్పి కడిగి, గీత దాటిందా లేదా చూసి, సూది వేసి వెళ్ళిపోతుంది. అతని దగ్గర మాత్రం నిలబడి, అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుని, మాటా పలుకూ లేకుండా అలా పట్టుకుని ఉంటుంది, కన్నకూతురు పట్టుకున్నట్టు! నా కాలు చీము కారుతోంది, నా చెయ్యి ఎవరు పట్టుకున్నారు? అతని తల కింద దిండ్లు ఎత్తు చేస్తారు, వీపు తడతారు, దగ్గించి కళ్ళె తీయిస్తారు. నవ్వకండి, నేను ఆ ఆక్సిజన్ మీద కూడా అసూయపడ్డాను. అంత గాలి అతనొక్కడికే ఎందుకని!

చూడవచ్చేవాళ్ళ సంగతి మరీ ఘోరం. పుస్తకాలు కొనే పిల్లలు, కాలేజీ మేష్టర్లు, కోఠీ నుంచి ఒక ముసలి ఉర్దూ కవిగారు, ఒకరి తర్వాత ఒకరు. బత్తాయిలు, దానిమ్మ రసం, పలకరింపులు. "యాదన్నా, నువ్వు లేకుంటే ఐతారం అబిడ్స్ అబిడ్స్ లెక్క లేదే!" నా మంచం దగ్గర సుగుణ ఒక్కతే కూర్చుని నా వైపు చూసేది. సంఘం పెద్దను! ఎంతమంది పెళ్ళిళ్ళకు, ఎంతమంది సమాధులకు ముందు నిలబడ్డానో!

ఆఖరి దెబ్బ పాస్టరుగారి నుంచి పడింది. ఆయన వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి రెండు మాటల్లో ప్రార్థన ముగించి, "పెద్దయ్యగారూ, మీ విశ్వాసం మాకు తెలుసు కదా" అని నవ్వి, యాదయ్య మంచం దగ్గర మోకరించారు. మోకరించి ఎంతసేపు ప్రార్థించారంటే సుగుణ కునుకు తీసి లేచింది, ఆయన ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నారు. కన్నీళ్ళు కూడా పెట్టుకున్నారు. నేను కళ్ళు మూసుకున్నట్టే మూసుకుని ఓరగా చూస్తూ పళ్ళు నూరుకున్నాను. తప్పిపోయి వచ్చిన తమ్ముడికి విందు చేస్తుంటే గుమ్మం బయట నిలబడ్డ పెద్దకొడుకు మీద నేను ఎన్ని ఆదివారాలు వాక్యం చెప్పానో! ఇప్పుడు ఆ గుమ్మం బయట నిలబడ్డది నేను. లోపలికి రమ్మని తండ్రి పిలుస్తున్నా వినబడలేదు.

పాస్టరుగారు వెళ్ళాక మాణెమ్మ నా మంచం దగ్గరికి వచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "పెద్దయ్యగారూ, మీరు దేవుని దగ్గరి మనిషి. మా ఆయనకు ఊపిరి అందుతలేదు. జర మీరు గూడ ప్రార్థన చేయుండ్రి" అంది.

ఏం చెయ్యను? చేతులు జోడించాను. "ప్రభువా, నీ దాసుడైన యాదయ్యను నీ చిత్తమైతే స్వస్థపరచుము, ఆమెన్" అన్నాను. పెదవులు అన్నాయి. ఆ మాట నోట్లో ఉండగానే లోపల ఇంకో ప్రార్థన నడుస్తోంది: "ప్రభువా, నన్ను కూడా చూడు. అతన్ని చూసింది చాలు, నన్ను చూడు." మాణెమ్మ వందనం చెప్పి వెళ్ళింది. ఆమె వందనం నాకు ముల్లులా గుచ్చుకుంది. ఎంతోమంది కోసం ప్రార్థించిన నోరు ఇది, ఒక్క మనిషి కోసం నిజంగా ప్రార్థించలేకపోయింది! నేను పోగొట్టుకున్నది ఆ ప్రార్థన. కాలు పోతుందేమో అని డాక్టరు అన్నప్పుడు కూడా అంత భయం వేయలేదు.

అయినా నేను పశ్చాత్తాపపడ్డానా? లేదు! ఉపవాసం పట్టాను. దేవుని కన్ను నా వైపు తిప్పుకోవాలని. అది కూడా రహస్యంగా, ఎందుకంటే ఉపవాసం ఉన్నవాడు ముఖం వేలాడేయకూడదు, తల దువ్వుకుని నూనె రాసుకుని ఉండాలి కదా, ఆ ఒక్క ఆజ్ఞ మాత్రం తు.చ. తప్పకుండా పాటించాను. సుగుణ స్నానానికి ఇంటికి వెళ్ళింది. పొద్దున్నే ఇడ్లీ ప్లేటు వచ్చింది. ప్లేటు నా ముందు ఉండటం చూశాకే రజిత ఇన్సులిన్ సూది వేసింది. "ఇప్పుడే తినేయుండ్రి అంకుల్, ఆలస్యం చేయొద్దు" అని అటు తిరిగింది. నేను మాణెమ్మను పిలిచి, "అమ్మా, నువ్వు రాత్రి నుంచి ఏం తిన్నట్టు లేవు, ఇవి తిను" అని ఇడ్లీలు ఇచ్చేశాను. చూడండి, అసూయ ఎంత తెలివైనదో, దానం చేసినట్టు కూడా కనబడుతుంది! కాసేపటికి రజిత వచ్చి అడిగింది.

"తిన్నరా అంకుల్?"

"తిన్నానమ్మా, కడుపు నిండింది."

ఖాళీ ప్లేటు చూసి నమ్మింది. సంఘం పెద్ద అబద్ధమాడతాడని ఆ పిల్ల ఎలా అనుకుంటుంది?

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు. మాణెమ్మ, యాదయ్య చెప్పగా విన్నదే చెబుతున్నాను. నా నుదుటి మీద చెమట పట్టిందట, చేతులు వణికాయట. నేను నెమ్మదిగా కిటికీ వైపు తిరిగి, యాదయ్యను చూసి, ఎంతో ప్రేమగా, "తమ్ముడూ" అన్నానట. "తమ్ముడూ, బండి కదులుతోంది, ఆ మామిడిపండ్ల పెట్టెలు జాగ్రత్తగా ఎక్కించు నాన్నా" అన్నానట!

యాదయ్య ఒక్కసారి మాస్కు పీకేశాడు. తనకే ఊపిరి అందడం లేదు, రెండు మాటలంటే దగ్గు తన్నుకొస్తుంది, అయినా మంచం పట్టె పట్టుకుని లేచి గొంతు చించుకుని అరిచాడు: "సిస్టరమ్మా! ఉరుకు! పెద్దయ్యగారి కథ మంచిగ లేదు!"

రజిత వార్డు ఆ చివర ఉంది. "ఏమైందన్నా?" అంది.

"నన్ను తమ్ముడూ అంటుండమ్మా! ఇన్నేండ్ల సంది నా దిక్కు మొకం జూపని మనిషి నన్ను తమ్ముడూ అంటుండు, నాన్నా అంటుండు! మైండ్ ఖరాబైనట్టుంది, ఉరుకు!"

సహోదరులారా, నా నోట ఒక మంచి మాట రావడమే నా జబ్బుకు గుర్తు అయింది! నన్ను ఎరిగినవాడికి అది చాలు, ఈ మనిషికి మతి తప్పిందని తెలియడానికి! దీన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, తలా వంగిపోతుంది.

రజిత పరుగున వచ్చింది. పిలిచి చూసింది, చెమట చూసింది, వేలు గుచ్చి షుగరు చూస్తే పాతాళంలో ఉంది. మింగే తెలివి నాకు లేదని నోట్లో ఏమీ పోయకుండా, డాక్టరును పిలిపించి, అప్పటికే చేతికి ఉన్న సూది గొట్టంలోంచి గ్లూకోజు ఎక్కించింది. అప్పుడు మాణెమ్మ ఏడుస్తూ, "ఆయన ఇడ్లీలు నాకిచ్చిండమ్మా, నేను తిన్న" అని చెప్పిందట. "నువ్వేం జేసినవ్ అక్కా, ఏడ్వకు" అంటూనే రజిత నా పక్కనుంచి కదల్లేదు, మళ్ళీ మళ్ళీ వేలు గుచ్చి చూస్తూ నిలబడింది.

నేను కళ్ళు తెరిచేసరికి నా చెయ్యి ఆమె చేతిలో ఉంది. నేను ఎన్నాళ్ళుగానో కోరుకున్న చెయ్యి! తీరా దొరికాక నాకు సిగ్గు తప్ప ఏమీ మిగల్లేదు.

"నా పేరేంది అంకుల్?"

"రజిత."

"మీరు ఏడ ఉన్నరు?"

"నాంపల్లి. ఆసుపత్రి."

"ఇడ్లీ తిన్నరా?"

నేను ఖాళీ ప్లేటు వైపు చూశాను.

"నేను అడిగిన గదా అంకుల్, ఉపవాసాలుంటరా అని. సూది వేసుకుని ఏం తినకుంటే షుగర్ పడిపోతది, ప్రాణం పోతది. దేవుడు తినొద్దన్నడా మీకు? ఇగ నుంచి మీరు నమిలి మింగేదాక ఈడనే నిలబడత." కోపంగా అంటోంది గానీ కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఇంతలో కిటికీ వైపు నుంచి, మాస్కు లోపలి నుంచి, బొంగురు గొంతు: "మంచిగున్నది పెద్దయ్యా! పొద్దటి సంది సిస్టరమ్మ నీ కాడనే ఉన్నది. నా దిక్కు సూస్తనే లేదు. నాకు కుళ్ళు పుడుతున్నది!"

వార్డంతా నవ్వింది. అతను హాస్యానికి అన్న మాట నా రోగం పేరే! నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. మందు చేయలేని పని ఆ మాట చేసింది. "తండ్రీ," అన్నాను, "నీవు నన్ను చూడటం లేదని అలిగాను, నీవు ఇతని కళ్ళతో నన్ను చూస్తున్నావా! తన ఊపిరి వదిలి నా కోసం కేక వేసినవాడి కోసం నేను ఒక్క మాట నిన్ను అడగలేకపోయాను. నన్ను గుమ్మం లోపలికి లాగు." దేవునికే మహిమ కలుగును గాక!

సాయంత్రం సుగుణ ఎదుట నేను రజితను అడిగాను, "అమ్మా, యాదయ్య చెయ్యి ఎందుకు అంతసేపు పట్టుకుంటావు?" ఆమె నవ్వింది. "నాడి చూస్తున్నట్టు పట్టుకుంట గానీ నేను చూసేది ఆయన ఊపిరి అంకుల్. ఊపిరి లెక్కపెడుతున్న అని చెప్తే మనిషి సరిగ్గ తీసుకోడు, మారుస్తడు. ఆయనకు ఊపిరే ముఖ్యం, మీకు కాలే ముఖ్యం. ఎవరికి ఎక్కువ అవసరం ఉంటే ముందుగాల ఆడికి పోత. మీకు ఎక్కువైతే మీ కాడికి రాలేదా?" వంద గొర్రెల్లో తప్పిపోయిన ఒక్కదాని వెంట కాపరి వెళ్తే, మిగిలినవి ప్రేమ తక్కువై మిగల్లేదు, క్షేమంగా ఉండి మిగిలాయి. ఎన్నిసార్లు చెప్పిన వాక్యం! నర్సమ్మ పని చూస్తేగాని నాకు అర్థం కాలేదు.

మర్నాడు యాదయ్యకు ఆయాసం ఎక్కువైంది. రజిత అతని చెయ్యి పట్టుకుంది. ఈసారి నేనూ అతని రొమ్ము వైపే చూశాను, అది పైకి లేచినప్పుడు "ప్రభువా", కిందికి దిగినప్పుడు "ఇంకొకటి ఇవ్వు". లేచినప్పుడు "ప్రభువా", దిగినప్పుడు "ఇంకొకటి ఇవ్వు". అలంకారాలు లేవు, గొంతు లేదు, ఇంతకాలపు నా సేవలో అంత నిజమైన ప్రార్థన నేను చేసి ఎరగను! ఆమె డాక్టరును పిలిచింది, మందు మార్చారు, వాళ్ళు అతని దగ్గరే ఉండిపోయారు, నా కాలి కట్టు ఆలస్యమైంది. ఆలస్యమైనందుకు నాకు సంతోషం వేసింది! అప్పుడు తెలిసింది నాకు విడుదల కలిగిందని. కాలు ఇంకా వాచే ఉంది, మనసు వాపు మాత్రం దిగిపోయింది. హల్లెలూయా!

ప్రభువు డాక్టర్ల చేతుల్ని, నర్సుల కళ్ళని వాడుకుని ఇద్దరినీ లేపాడు. వాపు గీత లోపలికి వచ్చింది, అతని మాస్కు తీసేశారు. నేను ముందు ఇంటికి వెళ్ళాను. వెళ్ళే ముందు అతని మంచం దగ్గర ఆగి, పూర్తి తెలివితో, "తమ్ముడూ, నన్ను క్షమించు" అన్నాను. అతను వెంటనే వార్డు అటువైపు అరిచాడు: "సిస్టరమ్మా, పెద్దయ్యగారి షుగర్ చూడు!"

ఇప్పుడు మా ఏర్పాటు వినండి. ఆదివారం మొదటి ఆరాధనకు నేను వెళ్తాను. రెండో ఆరాధన వేళకు అబిడ్స్ వెళ్ళి, ఆ మూసిన షట్టరు ముందు, యాదయ్య పుస్తకాల దగ్గర స్టూలు వేసుకుని, కాళ్ళకు మెత్తటి బూట్లతో, టిఫిన్ తినే కూర్చుంటాను. అతను మాణెమ్మతో గుడికి వెళ్తాడు. నేను అలవాటు చొప్పున పుస్తకాలన్నీ విషయం ప్రకారం వరుసగా సర్దిపెడతాను, అతను తిరిగొచ్చి నెత్తి కొట్టుకుంటాడు. "ఏంది పెద్దయ్యా, గిట్ల సర్దితే గిరాకీ ఆగుతదా? కుప్పల ఎతుక్కుంటేనే మజా!" అని అంతా మళ్ళీ కలిపేస్తాడు. పోయిన నెల అతను గుడిలో తన సాక్ష్యం చెబితే జనం నాకెన్నడూ చెప్పనన్ని ఆమెన్‌లు చెప్పారు. పాత పురుగు ఒక్కసారి తల ఎత్తింది, దాచను. అక్కడికక్కడే అతని కోసం ప్రార్థించాను, చచ్చింది. ఆ మందు ఇప్పటికీ పనిచేస్తోంది.

కాబట్టి ప్రియులారా, సూది మందు వాడేవారు ఎవరైనా ఉపవాసం ఉండాలనుకుంటే ముందు డాక్టరుకు, నర్సుకు చెప్పండి, వారి దగ్గర దాచి చేసే భక్తి ప్రభువు మిమ్మల్ని అడగలేదు. మీ పక్క మంచం మీద, పక్క ఇంట్లో, పక్క బెంచీలో ఎవరినైనా చూసి "దేవుడు వాళ్ళనే చూస్తున్నాడు" అని మీ లోపల మండుతోందా? ఆయన్ని నమ్మండి. ఆ మనిషి పేరే పెట్టి, ఒక్క ఊపిరి కోసం, నిజంగా అడగండి. అడగడం రాకపోతే ఆదివారం అబిడ్స్‌కు రండి, ఇద్దరం కలిసి అడుగుదాం. నేను ఫుట్‌పాత్ మీదే ఉంటాను. గుడి నుంచి వస్తున్న ఒక మనిషిని చూసి ఓ ముసలివాడు "తమ్ముడూ" అని పిలవడం, ఆ మనిషి నవ్వుతూ జేబులోంచి చాక్లెట్ తీసి "షుగర్ పడ్డదా పెద్దయ్యా?" అని చెయ్యి చాపడం మీకు కనబడితే, ఆ ముసలివాణ్ణి నేనే. షుగరు పడలేదు సహోదరులారా. నన్ను లేపిన నా దేవునికే సమస్త మహిమ, ఆమెన్!